పల్లీల పొట్లం విప్పని ప్రయాణం

పాఠకుల ప్రశ్నలకు పిల్లల వైద్యుల సమాధానాలు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, బరువు 19 కిలోలు. నాలుగేళ్ల వయసులో బంధువుల పెళ్లిలో ఎవరో ఒక ముక్క పల్లీ చిక్కీ పెట్టారు. పది నిమిషాలైనా గడవకముందే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, గొంతు బొంగురుపోయింది. ఆసుపత్రిలో తొడకు ఇంజెక్షన్ చేశాకే తేరుకున్నాడు. పరీక్షలు చేసి వేరుశనగ అలర్జీ అని తేల్చారు. వచ్చే దసరా సెలవుల్లో మా అత్తమామలు, మరిది కుటుంబం, ఆడపడుచు, ఆమె పిల్లలు అందరం కలిసి 11 మందిమి రైలులో విశాఖపట్నానికి, అక్కడి నుంచి అరకుకు వెళ్లాలనుకుంటున్నాం. డాక్టరుగారు అడ్రినలిన్ ఆంప్యూళ్లు (మందు నింపిన చిన్న గాజు బుడ్లు), సిరంజిలు రాసిచ్చారు గానీ వాటిని వాడాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు. మా అత్తయ్యగారేమో, కొంచెం కొంచెంగా పెడుతుంటే అదే అలవాటవుతుందని అంటారు. ఈ ప్రయాణం మానుకోవడమే మంచిదంటారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మానుకోవద్దమ్మా. తోటి పిల్లలంతా సముద్రం చూసి వస్తే, తన వల్ల అమ్మానాన్నలు ఇంట్లో ఉండిపోయారన్న భావం ఆరేళ్ల పిల్లవాడి మనసులో చాలాకాలం నిలిచిపోతుంది. అయితే ఇంటి దగ్గర మీరు అలవాటుగా చేసే జాగ్రత్తలను ఈ ప్రయాణానికి ముందుగా కూర్చుని, ఒక పద్ధతి ప్రకారం ఏర్పాటు చేసుకోవాలి.

ఇలాంటి ప్రయాణాల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది తెలియని హోటలు కాదు, మన వెంట వచ్చే మనవాళ్ల ప్రేమ. హోటల్లో మీరు ఎలాగూ అప్రమత్తంగా ఉంటారు. రైలు కదిలి, అందరూ బెర్తుల మీద సర్దుకుని, స్టీలు డబ్బాల మూతలు తీసినప్పుడు మాత్రం ఆ జాగ్రత్త సడలుతుంది. పక్కన కూర్చున్న అత్త పిల్లవాడి నోటికి ఒక ముద్ద అందిస్తుంది. మీ బాబుకు మొదటిసారి ప్రమాదం వచ్చింది కూడా అలా ఎవరో ముద్దుగా పెట్టిన చిక్కీ ముక్క వల్లే కదా. అందుచేత బయలుదేరడానికి కనీసం వారం ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఈ ప్రయాణంలో ఎవరి సంచిలోనూ వేరుశనగ ఉండకూడదని స్పష్టంగా అడగండి. వేయించిన పల్లీలు, చిక్కీ, పల్లీ ఉండలు, మిక్చరు, పల్లీ పొడి, పల్లీలు వేసిన పులిహోర, వీటన్నిటినీ పేరుపేరునా చెప్పండి. పేర్లు చెప్పకపోతే మిక్చరులో పల్లీలు ఉంటాయన్న సంగతి చాలామందికి తట్టదు. బాబుకు ఏది పెట్టాలన్నా అది మీ చేతి మీదుగానో, మీవారి చేతి మీదుగానో వెళ్లాలని కూడా అప్పుడే చెప్పండి. ఇంకొక మాట. పదకొండు మంది ఉన్నచోట పిల్లవాణ్ణి ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. కాబట్టి ఏ పూట బాబు బాధ్యత ఎవరిదో ఆ పూట పైకి చెప్పుకోండి.

మీ అత్తయ్యగారి మాటను తేలికగా తీసిపారేయకండి. దానికి దగ్గరగా ఉండే నిజం ఒకటి ఉంది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 600 మందికి పైగా పసిపిల్లల మీద బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. 4 నుంచి 11 నెలల వయసులోనే వేరుశనగ ఉన్న ఆహారం తినడం మొదలుపెట్టి కొనసాగించిన పిల్లల్లో ఆ అలర్జీ చాలా తక్కువగా కనిపించిందని అందులో తేలింది. అయితే అది అలర్జీ రాకముందు చేసే నివారణ. ఒకసారి తీవ్రంగా వచ్చిన పిల్లవాడికి ఇంట్లో కొంచెం కొంచెంగా పెట్టి చూడటం ప్రాణాలతో చెలగాటమాడటమే. మిల్లీగ్రాముల్లో కొలిచి ఇస్తూ శరీరాన్ని అలవాటు చేసే చికిత్స ఉన్న మాట వాస్తవమే గానీ, అది అలర్జీ నిపుణుల పర్యవేక్షణలో జరగవలసినది. ఈ విషయాన్ని కోడలి నోట వినడం కన్నా డాక్టరు నోట వింటే ఆమెకు నమ్మకం కుదురుతుంది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకువెళ్లండి. వీలైతే ఇంజెక్షన్ చేయడం ఆమెకూ నేర్పించమని అడగండి. మందు చేతిలో పట్టుకున్న నాయనమ్మ ఆ తరువాత మీకన్నా జాగ్రత్తగా ఉంటారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. తీవ్రమైన అలర్జీని, అంటే అనాఫిలాక్సిస్‌ను, ఆపే మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే. సెటిరిజిన్ వంటి మాత్రలు, సిరప్‌లు దురదనూ దద్దుర్లనూ తగ్గిస్తాయి గానీ వాచిపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేవు. సిరప్ పట్టి పది నిమిషాలు చూద్దామనుకునే ఆ పది నిమిషాలే ప్రమాదకరమైనవి. లక్షణాలు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల్లోనే మొదలవుతాయి, ఒక్కొక్కప్పుడు రెండు గంటల దాకా పట్టవచ్చు. ఊపిరి ఆడకపోవడం, పిల్లికూతలు, ఆగని దగ్గు, గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, ఒళ్లు వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఇంజెక్షన్ చేయాలి. దద్దుర్లతో పాటు వాంతులు అవుతున్నా అంతే. ఆరేళ్ల పిల్లలు ఈ మాటలేవీ వాడరు. గొంతులో ఏదో అడ్డం పడిందనో, నాలుక చురచురలాడుతోందనో, కడుపులో ఏదోలా ఉందనో అంటారు. ఆ మాటల అర్థం మీతో వచ్చే పెద్దలందరికీ తెలిసి ఉండాలి.

విదేశాల్లో వాడే, తొడకు నొక్కితే చాలు మందు లోపలికి వెళ్లే పెన్నులు మన ఊళ్లలో ప్రతి మందుల షాపులోనూ దొరికేవి కావు. ఆంప్యూల్ చవకైనది, మందూ అదే. చిక్కంతా కంగారులో గాజు మెడ విరిచి, సరైన మోతాదు తీయడంలో ఉంది. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. మీ బాబు ఇప్పటి బరువుకు సిరంజిలో ఎన్ని మిల్లీలీటర్లు తీయాలో, ఏ గీత దాకా లాగాలో డాక్టరుగారి చేత ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఆంప్యూళ్లతో పాటే కట్టి ఉంచండి. దొరికిందని ఇన్సులిన్ సిరంజి వాడవద్దు. దాని గీతలు యూనిట్లలో ఉంటాయి, సూది కూడా కండ దాకా చేరనంత పొట్టిది. ఇంజెక్షన్ తొడ మధ్యభాగంలో బయటి వైపు కండలోకి వెళ్లాలి, అవసరమైతే బట్టల మీదుగానైనా సరే. మీరూ మీవారూ డాక్టరుగారి ఎదుట సెలైన్‌తో నాలుగైదు సార్లు అభ్యాసం చేసి వెళ్లండి. కనీసం రెండు మోతాదులు వెంట ఉండాలి. గాజు పగిలే వస్తువు కాబట్టి ఇంకొకటి అదనంగా ఉంటే మేలు.

ఇంజెక్షన్ చేశాక బాబును పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. నిలబెట్టడం, నడిపించడం మాత్రం చేయకండి. 108కు ఫోన్ చేయండి. 5 నుంచి 15 నిమిషాల్లో తేరుకోకపోతే రెండో మోతాదు ఇవ్వాలి. గుండె దడ, చేతులు వణకడం, ముఖం పాలిపోవడం మందు వల్ల కలిగేవే, కాసేపటికి తగ్గుతాయి. అవసరం లేకుండా ఒకసారి ఇచ్చినందువల్ల ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి జరిగే నష్టం చాలా తక్కువ, ఆలస్యం చేస్తే జరిగే నష్టం చాలా పెద్దది. అనుమానం కలిగినప్పుడు ఇవ్వడమే సరైన నిర్ణయమని మీరు ముందే నిశ్చయించుకుని ఉండండి. పిల్లవాడు పూర్తిగా మామూలైనట్లు కనిపించినా ఆసుపత్రికి వెళ్లి కొన్ని గంటలు అక్కడే ఉండాలి, ఎందుకంటే తగ్గిన లక్షణాలు గంటల తరువాత మళ్లీ తిరగబెట్టవచ్చు.

రైలు విషయంలో నా సలహా గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రాత్రి బండి. రాత్రి భోజనం ఇంట్లోనే ముగించి ఎక్కితే, తెల్లవారేదాకా బాబు తినవలసిన అవసరమే రాదు. ఎక్కగానే బెర్తునూ కిటికీ అంచులనూ తడి వైప్స్‌తో తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ వేరుశనగ మాంసకృత్తును తొలగించదు. సబ్బూ నీళ్లూ లేదా తడి వైప్స్ మాత్రమే ఆ పని చేస్తాయి. ఎదుటి ప్రయాణికులు పల్లీలు తింటున్నారని హడలిపోనక్కరలేదు. కేవలం వాసన వల్ల ప్రాణాపాయం రావడం దాదాపుగా ఉండదు. రాలిన పొట్టు, పొడి చేతికంటి అక్కడి నుంచి నోటికి చేరడమే అసలు ప్రమాదం. విషయం చెప్పి మర్యాదగా అడిగితే మన ప్రయాణికుల్లో చాలామంది పొట్లం కట్టేసి సంచిలో పెట్టుకుంటారు.

విశాఖలో బస చేసే చోట చిన్న వంటగది ఉంటే సగం సమస్య తీరినట్లే. లేకపోతే ఒక కరెంటు కుక్కరు, బియ్యం, పప్పు, ఇంట్లో చేసిన పొడులు తీసుకువెళ్లండి. బయట తినవలసి వస్తే అడిగే ప్రశ్న తీరు మార్చుకోండి. పల్లీలు ఉన్నాయా అని అడిగితే, కస్టమరును నొప్పించడం ఇష్టం లేక లేవండీ అనేస్తారు. ఈ చట్నీ దేంతో చేశారు, ఈ తాలింపులో ఏమేం వేశారు అని వంటచేసే మనిషినే అడగండి. కొబ్బరి చట్నీ అని వడ్డించే దాంట్లో సగం పల్లీలే ఉండే టిఫిన్ సెంటర్లు మనకు కొల్లలు. ఇడ్లీ సురక్షితమే కావచ్చు గానీ, చట్నీ గరిటె పక్కనున్న గిన్నెలో పడి ఉందేమో చూడాలి. బిర్యానీ జోలికి వెళ్తే దానితో ఇచ్చే మిర్చీ కా సాలన్‌లో వేరుశనగ, నువ్వులు, కొబ్బరి నూరి వేస్తారని గుర్తుంచుకోండి. బగారా బైంగన్ కూడా అటువంటిదే. నూనె సంగతి విడిగా చెప్పాలి. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపు మిగలదు. ఇప్పుడు ఊరూరా ఇష్టంగా కొంటున్న గానుగ నూనెలో మాత్రం అది ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదన్న నమ్మకంతో మీ బంధువులు ఆ నూనెతో వండి తెచ్చే అవకాశం ఉంది, అడిగి తెలుసుకోండి.

రామకృష్ణా బీచ్‌లో ముంత మసాలా, మరమరాల మిక్చరు బాబు చూపు దాటవు. వాటిలో పల్లీలు ఏరేసి ఇస్తామన్నా వద్దనండి. అందుకు బదులుగా వాడికి ఇష్టమైనది ఏదో ఒకటి ఇంటి నుంచే దాచి తెచ్చి, సరిగ్గా ఆ సమయంలో చేతికివ్వండి. అరకులో కాఫీ మ్యూజియం దగ్గర చేసే చాక్లెట్లు ఒకే చోట రకరకాల పప్పులతో తయారవుతాయి కాబట్టి అవీ వద్దు. బొంగు చికెన్‌కు మసాలా ఎదురుగా కలిపిస్తే, అందులో ఏముందో అడిగి తినవచ్చు. భాష విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. పల్లీలు అంటే తెలంగాణలో సరిపోతుంది. అటువైపు వేరుశనగ గుళ్లు అనండి. అరకు ప్రాంతంలో ఒడియా మాట్లాడేవారు ఎదురైతే, వాళ్లు వేరుశనగను చినాబాదం అంటారు, వాడుకలో ఒట్టి బాదం అని కూడా అనేస్తారు. బాదం బాబుకు పడుతుందని మీరు సరేనంటే పొరపాటు జరిగిపోతుంది.

ప్యాకెట్ ఆహారానికి కొంత చట్టరక్షణ ఉంది. ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం వేరుశనగ ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద విడిగా ప్రకటించాలి. ‘కంటైన్స్’ అన్న మాట తరువాత వచ్చే పేర్లు ప్రతిసారీ చదవండి, నిన్న కొన్న బిస్కెట్టే అయినా సరే. ‘మే కంటైన్’ అని ఉన్నదాన్ని కూడా మీ బాబుకు పెట్టకండి. 10 లేదా అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు తమ వంటకాల్లోని అలర్జీ కారకాల వివరాలు కూడా తెలపాలి. అడగడం మీ హక్కు.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డులో, రైలు సొరంగాల్లో ఫోన్ సిగ్నల్ నమ్మదగినది కాదు. బయలుదేరే ముందే శృంగవరపుకోట, అరకు ప్రభుత్వ ఆసుపత్రులు ఎక్కడున్నాయో డ్రైవరుకు తెలిసేలా చూసుకోండి. ఘాట్ మీద బాబుకు కొత్త తినుబండారమేదీ పెట్టకపోవడం అన్నిటికన్నా మంచిది. మందుల సంచి కారు డిక్కీలో కాదు, మీ భుజానికే ఉండాలి.

ప్రశ్న: అమెరికాలో పుట్టిన మా మనవడికి తొమ్మిదేళ్లు. జీడిపప్పు, పిస్తా పడవు. ఒకసారి ఆసుపత్రి పాలయ్యాడు. ఎపిపెన్ (తొడకు నొక్కితే అడ్రినలిన్ లోపలికి వెళ్లే పెన్ను) ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటారు. మే నెలలో వస్తున్నారు, అందరం తిరుమల వెళ్లాలని మొక్కుకున్నాం. లడ్డూ ప్రసాదం వద్దనడం తప్పవుతుందేమోనని నాకు బెంగగా ఉంది. ఎండలకు ఆ మందు పాడవుతుందా?
– ఒక అమ్మమ్మ, నెల్లూరు

జవాబు: తప్పు కాదమ్మా. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని మీ చేతిలో పెట్టమనండి. స్వామి ఎదుట ఆ పిల్లవాడి భక్తికి అందులో లోటేమీ లేదని నా నమ్మకం. తిరుమల లడ్డూలో జీడిపప్పు ఉంటుంది, దాన్ని ఏరివేసి మిగతాది పెట్టడం పనికిరాదు. నెయ్యితో, పాకంతో కలిసిన పప్పు తునకలు కంటికి కనిపించవు. పొంగళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. క్యూ కంపార్టుమెంట్లలో పంచే ఉప్మా, పొంగలి కూడా మనవడికి వద్దు. ఎన్ని గంటలు కూర్చోవలసి వస్తుందో తెలియదు కాబట్టి, ఇంట్లో చేసిన ఆహారం వాడికి సరిపడా ముందే సిద్ధం చేసుకోండి.

ఎపిపెన్‌ను 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి, కొద్దిసేపు 15 నుంచి 30 దాకా ఫరవాలేదు. మే నెలలో తిరుపతిలో ఎండలో నిలిపిన కారు లోపల ఆ హద్దు క్షణాల్లో దాటిపోతుంది. అలాగని ఫ్రిజ్‌లో పెట్టవద్దు, మంచుగడ్డకు ఆనించవద్దు. వేడి చొరని చిన్న సంచిలో పెట్టి, మనిషి దగ్గరే ఉంచుకోవాలి. కిటికీలాంటి భాగంలోంచి చూసినప్పుడు మందు రంగు మారినా, మసకబారినా అది పనికిరాదు. విమానంలో కూడా సామాన్లలో వేయకుండా చేతిసంచిలోనే, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమనండి.

తిరుమలలో ఇంకొక ఇబ్బంది ఉంది. దర్శనానికి వెళ్లేటప్పుడు ఫోన్లు డిపాజిట్ చేయాలి. ఫోన్లతో పాటు మందుల సంచిని కూడా పొరపాటున అక్కడ ఇచ్చేయకండి. తనిఖీ దగ్గర ఆడ, మగ వరుసలు వేరైనప్పుడు పెన్నులున్న మనిషి మనవడి వరుసలోనే ఉండాలి. అందులో ఏముందో, ఎందుకు అవసరమో వివరిస్తూ డాక్టరు ఇచ్చిన ఉత్తరానికి తెలుగులో నాలుగు వాక్యాలు జతచేసి దగ్గర ఉంచుకోండి, అది భద్రతా సిబ్బందికి చూపవచ్చు. లోపల ఏదైనా జరిగితే ముందు ఇంజెక్షన్ చేసి, ఆ వెంటనే దగ్గరున్న సిబ్బందికో శ్రీవారి సేవకులకో చెప్పండి. కొండ మీద అశ్విని ఆసుపత్రి ఉంది.

హోటళ్లలో ‘నట్స్’ ఉన్నాయా అని మీ అమ్మాయి అడిగితే వంటవాళ్లకు సరిగా అర్థం కాకపోవచ్చు. మన వంటింట్లో ఆ పప్పులన్నిటికీ కలిపి ఒక పేరు లేదు. జీడిపప్పు, పిస్తా అని విడివిడిగా మీరే అడగండి. కూరల్లో చిక్కదనం కోసం జీడిపప్పు నూరి కలుపుతారు, అది పైకి కనిపించదు. పనీర్ కూరలు, కుర్మాలు, బాదం హల్వా పేరుతో అమ్మే స్వీట్లు, పిస్తా పొడి చల్లిన ఐస్‌క్రీమ్‌లు వాడికి దూరంగా ఉంచండి. మనవడి కోసమని ప్రేమతో జీడిపప్పు పాకం చేసి దాచిన చుట్టాలెవరైనా ఉంటే, పిల్లలు దిగేలోపే వాళ్లకు విషయం చెప్పేయండి.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. నువ్వులు పడవు. కార్తీక వనభోజనాలకు వెళ్లినప్పుడు తన డబ్బా తాను తెచ్చుకోవడం నామోషీగా భావిస్తోంది. మందుల సంచి కూడా మోయనంటోంది. ఏం చేయాలి?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఆమె బాధను ముందు ఒప్పుకోండి. పన్నెండేళ్ల వయసులో పంక్తిలో ప్రత్యేకంగా కనిపించడం నిజంగానే కష్టం. ఇంటింటి నుంచీ ఒక్కో వంటకం వచ్చే వనభోజనంలో నువ్వులను కనిపెట్టడం మరీ కష్టం. పులిహోరలో నువ్వుల పొడి, గుత్తివంకాయలో నూరిన నువ్వులు, ఆవకాయలో నువ్వుల నూనె ఉంటాయి. మీ వైపు దాన్నే పప్పు నూనె అంటారు కాబట్టి, నువ్వుల నూనె వాడలేదని ఎవరైనా చెప్పినా అక్కడితో ఆగకుండా ఏ నూనె వాడారో అడగండి. 2020 లేబుల్ నిబంధనల్లో తప్పనిసరిగా ప్రకటించవలసిన అలర్జీ కారకాల జాబితాలో నువ్వుల పేరు లేదు. అందువల్ల ప్యాకెట్ మీద పదార్థాల పట్టీ మొత్తం చదవాలి.

ఒక పని చేసి చూడండి. ఆ రోజు అన్నం, పప్పు, ఒక కూర అందరికీ సరిపడేంత మీ ఇంట్లోనే వండి తీసుకువెళ్లండి. అందరి కన్నా ముందు మీ గిన్నెల నుంచే, వేరే గరిటెలు తగలకముందే, ఆమె విస్తరిలో వడ్డించండి. అప్పుడు ఆమె డబ్బా విప్పనక్కరలేదు, అందరితో పాటే పంక్తిలో కూర్చుని తింటుంది. సంచి విషయంలో ఆమె చెప్పినట్టే వినండి. నడుముకు కట్టుకునేదో, భుజానికి వేసుకునేదో, ఏ రంగుదో ఆమెనే ఎంచుకోనివ్వండి. మందు ఎలా వాడాలో ఆమెకు నమ్మకమున్న ఒక స్నేహితురాలికీ, పిన్ని కూతురికీ కూడా ఆమె చేతనే నేర్పించండి. ఆమె పూర్తిగా ఒప్పుకునేదాకా రెండో మోతాదు మీ జేబులో ఉండనివ్వండి.